కరెంటు పోయినా పోని కమిట్

జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న వర్క్‌షాపు వాళ్లు సీఎన్‌సీ లేత్ ప్రోగ్రాములను గిట్‌లో దాచుకుంటారు. అక్కడ కొత్తగా చేరిన కుర్రాడు ఓ మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అన్నా, కమిట్ కొడుతుంటే కరెంటు పోయింది. ఇప్పుడు ఇండెక్స్ డాట్ లాక్ అనే ఫైలు ఉంది, ముందుకు పోనంటోంది. తీసెయ్యాల్నా?" ఇంకో గిట్ ఏదీ నడవడం లేదని చూసుకుని తీసెయ్యమన్నాను. పని నడిచింది. అప్పుడు అసలు ప్రశ్న వేశాడు: "సగంల ఆగింది కదా, మరి పాతది ఎట్ల ఖరాబు కాలే?"

తర్వాతి కమిట్‌లోకి ఏ ఫైలు ఏ రూపంలో వెళ్లాలో గిట్ రాసుకునే పట్టికే ఇండెక్స్. దాన్ని మార్చాల్సి వస్తే గిట్ ఆ ఫైలు జోలికే పోదు. పక్కనే ఇండెక్స్ డాట్ లాక్ అనే కొత్త ఫైలు తెరుస్తుంది, అదీ ఒక షరతు మీద: ఆ పేరుతో ఫైలు ఇదివరకే ఉంటే కెర్నల్ ఇవ్వకూడదు. ఇద్దరు ఒకేసారి అడిగినా దొరికేది ఒక్కరికే. ఇంతవరకు ఎవరైనా వేసే తాళమే. కానీ గిట్ కొత్త పట్టిక మొత్తాన్నీ ఆ తాళం ఫైల్లోనే రాస్తుంది! రాయడం అయ్యాక దాని పేరును ఇండెక్స్ అని మారుస్తుంది. యూనిక్స్ తరహా సిస్టముల్లో పేరు మార్చడం ఒకే దెబ్బలో జరిగే పని. చూసేవాడికి పాత ఫైలైనా కనిపిస్తుంది, కొత్తదైనా కనిపిస్తుంది, సగం సగం కనిపించదు. అదే దెబ్బకు తాళమూ ఊడిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటేసే పనితనం ఇది.

కంట్రోల్-సీ కొడితే గిట్ ఆ సంకేతాన్ని అందుకుని, పోతూ పోతూ తాళాన్ని తనే చెరిపేస్తుంది. కరెంటు చెప్పి పోదు కాబట్టి తాళం మిగిలిపోతుంది.

కమిట్ కూడా ఇదే పద్ధతి. ఫైళ్ల సారం, ఫోల్డర్ల జాబితా, చివరగా కమిట్ వివరం ముందు ఆబ్జెక్టులనే ఫైళ్లుగా డిస్కు మీదకు వెళతాయి. ఆ తర్వాతే బ్రాంచి ఫైలు మారుతుంది. మామూలు రిపాజిటరీలో అది 41 బైట్లు: 40 అక్షరాల హ్యాష్, ఒక కొత్త లైను గుర్తు. దానికీ తాళం, పేరు మార్పు ఉన్నాయి. ఈలోపు ఎక్కడ తెగినా బ్రాంచి పాత కమిట్‌నే చూపిస్తుంటుంది. ఎవరూ చూపించని ఆబ్జెక్టులను గిట్ తర్వాతెప్పుడో చెత్త ఊడ్చేటప్పుడు తీసేస్తుంది.

గిట్ కంటే ముందటి సీవీఎస్ రోజుల్లో ఈ భాగ్యం లేదు. పది ఫైళ్ల కమిట్ ఐదో దాని దగ్గర తెగితే ఐదు లోపల, ఐదు బయట. దాని తర్వాత వచ్చిన సబ్‌వర్షన్ సర్వర్ వైపు ఆ రోగం కుదిర్చింది. మన మెషీను వైపు మాత్రం షావుకారు చిట్టా రాసి ఆవర్జాకు ఎక్కించినట్టు, చేయబోయే పనులను ముందే రాసి పెట్టుకునేది. మధ్యలో తెగితే "ఎస్‌వీఎన్ క్లీనప్" ఆ చిట్టా తీసి మిగతా పనులు చేస్తుంది. ఒకే పని రెండుసార్లు చేసినా ఫలితం మారని విధంగా ఆ ఆదేశాలుంటాయి. 2011లో వచ్చిన 1.7లో ఆ చిట్టా ఎస్‌క్యూలైట్‌లోకి వెళ్లింది. తెలివైనదే, కానీ నా ఓటు బాగుచేసే పనే పెట్టని గిట్‌కే.

అయితే రీబేస్ దగ్గరికొచ్చేసరికి గిట్‌కూ చిట్టా తప్పలేదు. ఇరవై కమిట్లను ఒక్కొక్కటిగా మళ్లీ పేర్చడం ఒక్క దెబ్బలో అయ్యేది కాదు మరి. రీబేస్ ఆగినప్పుడు డాట్ గిట్‌లోని రీబేస్-మెర్జ్ ఫోల్డరు తెరిచి చూడండి. చేయాల్సినవి ఒక ఫైల్లో, అయినవి ఇంకో ఫైల్లో, బయలుదేరిన చోటు మరో ఫైల్లో కనిపిస్తాయి. అంతా డిస్కు మీదే ఉంది కాబట్టి శుక్రవారం ల్యాప్‌టాప్ ఆపేసి సోమవారం "కంటిన్యూ" అనొచ్చు, లేదా "అబార్ట్" అని వెనక్కి పోవచ్చు. ఎంచుకున్న కమిట్లను తెచ్చి పేర్చే చెర్రీ-పిక్‌కు ఈ సౌకర్యం తేవడానికి 2011లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో పనిచేసింది రామ్‌కుమార్ రామచంద్ర.

 

ఒక లొసుగు మాత్రం ఉంది. పేరు మార్పు ఒకే దెబ్బ అన్నది నడుస్తున్న సిస్టము మాట. డిస్కు సంగతి వేరు. రాసినది ఇంకా మెమరీలోనే ఉండగా కరెంటు పోతే ఫైలు పేరు డిస్కుకు చేరి, లోపలి సరుకు చేరకపోవచ్చు. అప్పుడు సున్నా బైట్ల ఆబ్జెక్టులు మిగులుతాయి, గిట్ "ఖాళీ" అని గోల పెడుతుంది. 2022లో వచ్చిన గిట్ 2.36లో దీనికోసం కోర్ డాట్ ఎఫ్‌సింక్ అనే సెట్టింగు పెట్టారు. వేగం కోసం విడి ఆబ్జెక్టులను మామూలుగా దాని నుంచి మినహాయిస్తారు. కరెంటు మీద నమ్మకం లేనిచోట "కమిటెడ్" అని మార్చుకుంటే కమిట్ కాస్త నెమ్మదిస్తుంది, అంతే. ఇప్పటికే ఖాళీ అయినవాటిని తీసేసి, పక్కవాళ్ల క్లోన్ నుంచి తెచ్చుకోవచ్చు. ఆబ్జెక్టు పేరు అందులోని సారం నుంచే పుడుతుంది కనుక, ఆ పేరుతో ఎక్కడ దొరికినా అది అదే.