స్టేషను గోడపై ఊరి చరిత్ర

రైలు స్టేషనుగాని, బస్సు స్టాండుగాని నేటి కాలపు సత్రము వంటిది. కలవాడును లేనివాడును, చదివినవాడును చదువురానివాడును అచట ఒకే బల్లపై కూర్చుండి ఎదురుచూతురు. అట్టి చోటనున్న గోడ అందరికిని పాఠ్యపుస్తకము కాగలదు. కాని ఆ గోడపై ఎవరి కథ వ్రాయవలెను? ఇది అలంకారమునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు.

2023 ఆగస్టు 6న దేశమున 508 రైలు స్టేషన్ల పునర్నిర్మాణమునకు శంకుస్థాపన జరిగెను. మన తెనాలియు అందులోనిదే. స్థానిక సంస్కృతి ఆ భవనములలో ప్రతిఫలింపవలెనని పథకపు ఆశయము. 2025 మే 22న ప్రారంభమైన 103 స్టేషన్లలో హైదరాబాదులోని బేగంపేట స్టేషనును కాకతీయుల వాస్తురీతి ననుసరించి తీర్చిరి. బీహారులోని మధుబని స్టేషను గోడలపై 2017లో ఆ ప్రాంతపు చిత్రకారులే తమ యిండ్ల గోడలపై వ్రాసుకొను బొమ్మలను వ్రాసిరి. మొదటిది రాజుల వైభవమును తలపించును. రెండవది ప్రజల చేతిపని. మాస్కో నగరపు భూగర్భ రైలుమార్గమున 1938లో తెరచిన ఒక స్టేషనులో రైతు, సైనికుడు, చదువుకొను బాలిక మొదలగు సామాన్యుల కంచు విగ్రహములు 76 కలవు. పరీక్షలకు పోవు విద్యార్థులు అందలి కుక్కబొమ్మ ముక్కును తాకి పోవుదురట!

సామాన్యుని పేరు కళలో నిలుపుట మనకును క్రొత్త కాదు. ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు, చర్మకారుడు విధికుడు తనవారితో కలిసి పూర్ణఘటము చెక్కిన శిలాఫలకమును అమరావతి స్తూపమునకు సమర్పించినట్లు శాసనము చెప్పుచున్నది. ఆ పూర్ణఘటమే నేడు రాష్ట్ర చిహ్నమున వెలయుచున్నది.

ఇక మన ప్రత్తిపాటి సంగతి. పేరులోనే ప్రత్తిని నిలుపుకొన్న ఈ ఊరికి రైలు లేదు, బస్సే ఆధారము. ప్రత్తి చేను, మిరప కళ్లము, గుంటూరు యార్డునకు పోవు బస్తాలు బస్సు స్టాండు గోడపై ఉండదగినవే. వానితోపాటు సమీపముననున్న పెదనందిపాడు కథయు ఉండవలెను. 1922 జనవరిలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున ఆ ఫిర్కా రైతులు శిస్తు చెల్లించుట మానిరి. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి. చీరాల స్టేషనుకు అట్టి కథ మరియొకటి కలదు. 1921లో పురపాలక పన్నులకు లొంగక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనులు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరము నిర్మించుకొని, నెలల తరబడి పాకలలో కాపురముండిరి.

ఈ రెండును జయముతో ముగిసినవి కావు గదా, వీనిని చిత్రించుట యేల అని కొందరు అడుగవచ్చును. పెదనందిపాటి ఉద్యమము ఫిబ్రవరిలోనే ఆగెను. చీరాల ప్రజలు తుదకు తమ యిండ్లకు మరలిరి. నిజమే. కాని విజయతోరణములు చెక్కించుకొనుటకు రాజులకు శిల్పులు దొరికిరి. పాకలో పొయ్యి రాజేసిన యిల్లాలిని, కొలువు వదలిన కరణమును తలచుకొనుటకు మనము తప్ప మరెవ్వరున్నారు? నాయకుని బొమ్మ ఒక్కటి నిలిపి, ఆయన వెంట నడచినవారిని విడిచినచో కథ సగమే చెప్పినట్లగును.

ఇందు ఉపాధ్యాయుల పని పెద్దది. ఆనాటివారు నేడు లేరు. వారి మాటలు విన్న మనుమలును వృద్ధులైరి. విద్యార్థులు ఇంటింటికి పోయి ఆ పేర్లను, జ్ఞాపకములను వ్రాసికొనవలెను. చిత్రకారునికి రంగులు సమకూర్చుటకు ముందే ఆ జాబితా సిద్ధము కావలెను. బొమ్మ ఎప్పుడైనను వ్రాయవచ్చును. మరుగైన పేరు మరల దొరకదు.