ఒకే వార్డు, నలుగురు సిస్టర్లు: రోగి ఎవరికి తెలుసు?

వేటపాలెంలో గుంటమగ్గం నేసే మనిషికి షుగరుతో పాదానికి పుండు పడిందనుకోండి. కాలికి విశ్రాంతి ఇమ్మని చెప్పి ఇంటికి పంపితే ఏం లాభం? పొద్దస్తమానం మగ్గం తొక్కాల్సింది ఆ కాలే. జీడిపప్పు ఒలిచే ఆడమనిషికైతే జీడినూనె తగిలి వేళ్లు పొక్కిపోయి ఉంటాయి. ఇన్సులిన్ తనే వేసుకోవడం నేర్పాలంటే ముందు ఆ చేతులు చూడాలి.

ఇలా మనిషిని బట్టి చూసుకోవడం నర్సమ్మ మంచితనమని మన లెక్క. నవ్వితే మంచి సిస్టరు, కసిరితే చెడ్డ సిస్టరు! అసలు కిటుకు వార్డులో పని పంచుకునే పద్ధతిలో ఉంది. ఒకరు అందరికీ బీపీ చూస్తారు, ఒకరు ఇంజెక్షన్లు చేస్తారు, ఇంకొకరు కట్లు కడతారు. పని చకచకా తెములుతుంది. మూడో నంబరు బెడ్డు మీది మనిషి మాత్రం ఎవరికీ పూర్తిగా తెలియడు. తన గోడు నలుగురికీ నాలుగుసార్లు చెప్పుకోవాలి.

1960ల చివర అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ ఆసుపత్రిలో మేరీ మాంథే, ఆమె తోటి నర్సులు ఈ పద్ధతిని తిరగేశారు. చేరిన రోజు నుంచి ఇంటికెళ్లే దాకా ఒక్కో రోగి బాధ్యత ఒక్కో నర్సుది. ఆమె డ్యూటీ దిగాక కూడా మిగతావాళ్లు ఆమె రాసిపెట్టిన ప్రకారమే చూస్తారు. ఫలితం తేల్చాల్సింది రోగే కదా! ఫిన్లాండ్‌లో రీటా సుహోనెన్ రూపొందించిన ప్రశ్నావళి ఆ పనే చేస్తుంది. మీ ఇంటి సంగతులు, అలవాట్లు కనుక్కున్నారా, నిర్ణయాల్లో మీ మాట విన్నారా అని రోగులనే అడుగుతుంది.

రోగిని బట్టి ఆసుపత్రిని మలచడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు. మగ డాక్టరుకు చూపించడానికి ఒప్పుకోని ఇళ్ల నుంచి కూడా ఆడవాళ్లు వైద్యానికి రాగలిగారంటే, అక్కడ చూసేది ఆడ డాక్టరు కావడమే కారణం.

ఇక నర్సుల లెక్కల సంగతి. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. కానీ రాత్రిపూట వార్డంతా ఒక్కరే చూసుకోవడం, సెలైన్ అయిపోతే తోడున్నవాళ్లే పరుగెత్తడం ప్రభుత్వాసుపత్రిలో పడుకున్నవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఉన్న ఆ కాస్త సమయంలోనూ కొంత రిజిస్టర్లు మింగేస్తాయి. ఆ స్థితిలో ఓపిక లేదని సిస్టరును తిట్టడం అన్యాయం.

చీరాలలోనో బాపట్లలోనో మీ మనిషిని చేర్చినప్పుడు, ఈ షిఫ్టులో తనను చూసేది ఎవరో అడగండి. చేసే పనేమిటో, ఇంట్లో చూసుకునేది ఎవరో కేస్‌షీటులో రాయించండి. ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో ఉన్నవారు గోడల రంగుల కంటే ముందు నర్సు పోస్టుల ఖాళీల గురించి అడగాలి.