కొత్త కొల్హాపురి చెప్పు ఎందుకు కరుస్తుంది?

పెండ్లికని ముచ్చటపడి కొన్న కొల్హాపురి చెప్పులు మూడవ నాటికే అటకెక్కడం సరిహద్దు ఊళ్ళలో చాలా ఇళ్ళకు తెలిసిన విషయమే. బొటనవ్రేలి ప్రక్కన బొబ్బ లేస్తుంది. పట్టీ ఒరుసుకొని పాదం పైభాగం కందుతుంది. అడుగుభాగం చెక్కలా బిగుసుకొని వంగనంటుంది. గట్టి తోలు అంటగట్టి మోసం చేశాడని కొన్నవారు కుట్టినవానిని నిందిస్తారు. నిజానికి మంచి కొల్హాపురి చెప్పు కొత్తలో గట్టిగానే ఉండాలి. మొదటి రోజే దూదిలా మెత్తగా ఉన్న జతనే అనుమానించవలసి ఉంటుంది.

ఈ గట్టితనానికి మూలం తోలును పదును చేసే పద్ధతిలో ఉన్నది. కర్మాగారాలలో తయారయ్యే మెత్తని తోలును చాలావరకు క్రోమియం లవణాలతో పదును చేస్తారు. అది త్వరగా ముగిసే పని. కొల్హాపురి చెప్పుల తోలుకు మాత్రం తుమ్మచెక్క, కరక్కాయ వాడతారు. సున్నపునీటిలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోలును సంచిలా కుట్టి, దానిలో ఆ చెక్కల కషాయాన్ని నింపి వ్రేలాడదీస్తారు. కషాయం తోలులోనుండి ఊరుతూ బొట్టు బొట్టుగా క్రిందికి దిగుతుంది. దిగినదానిని మరల పైనుండి పోస్తారు. వారాల తరబడి సాగే ఈ పనిలో వగరు రసం తోలు పోగులను పట్టి బిగిస్తుంది. అట్టలకు దళసరి గేదె తోలు వాడి, ఒకదానిపై ఒకటి పేర్చి, మేకు కొట్టకుండా తోలు దారంతోనే కుడతారు. ఇంత బిగువైన వస్తువు తొలినాడే కాలి మాట వింటుందనుకోవడం అత్యాశ.

అయితే ఈ తోలుకు ఒక సుగుణం ఉన్నది. నడిచేవాని బరువుకు, వేడికి, చెమటకు అది మెల్లగా లొంగి, మడమ దిగేచోట గుంట, వ్రేళ్ళు ఆనేచోట గుర్తులు ఏర్పడి, ఆ పాదానికి అచ్చుగా మారుతుంది. బాగా వాడిన జత మరొకరి కాలికి అమరకపోవడానికి కారణం ఇదే. అచ్చు కుదిరే వరకు పట్టే పది పదిహేను రోజులను ఓపికతో గడపగలిగినవారికే ఈ చెప్పు దక్కుతుంది.

పేరులో కొల్హాపూర్ ఉన్నప్పటికీ ఈ చెప్పులు ఒక్క ఊరి సొత్తు కావు. 2019లో వీటికి లభించిన భౌగోళిక గుర్తింపు మహారాష్ట్రలోని కొల్హాపూర్, సాంగ్లీ, సతారా, షోలాపూర్ జిల్లాలకు, కర్ణాటకలోని బెళగావి, బాగల్‌కోట్, ధార్వాడ్, విజయపుర జిల్లాలకు ఉమ్మడిగా వర్తిస్తుంది. బెళగావి ఎవరిదన్న వాదు ఇంకా తెగని రెండు రాష్ట్రాలు చెప్పుల విషయంలో ఒకే పత్రంపై నిలవడం విశేషమే. బెళగావి జిల్లాలోని అథణి, నిప్పాణి ప్రాంతాలలో కుట్టిన జతలు కూడా కొల్హాపూర్ పేరుతోనే అమ్ముడవుతాయి. 2025 జూన్‌లో ఇటలీకి చెందిన ప్రాడా సంస్థ మిలాన్ ప్రదర్శనలో ఇటువంటి చెప్పులనే పేరు చెప్పకుండా చూపి విమర్శల పాలై, తరువాత వాటి మూలాన్ని అంగీకరించింది. తరతరాలుగా మగ్గాల పేటల్లో స్థిరపడిన షోలాపూర్ తెలుగువారికి ఇవి పరాయి వస్తువులు కావు. తెలుగు పల్లెల్లో పెద్దలు తొడిగిన కిర్రు చెప్పులకు ఇవి దగ్గరి చుట్టాలు.

కొనే ముందు చూడవలసినవాటిలో మొదటిది కొలత. కొత్త చెప్పు నొక్కుతున్నదని ఒక సైజు పెద్దది తీసుకోవడం చాలామంది చేసే పొరపాటు. వాడే కొద్దీ పట్టీ, ఉంగటం (బొటనవ్రేలు దూర్చే తోలు ఉంగరం) సాగుతాయి. పొడవు మాత్రం మారదు. కనుక పట్టీ కొంత బిగువుగా ఉండవచ్చును గాని, మడమ అట్ట దాటి వెనుకకు రాకూడదు. ఉంగటంలో వ్రేలు కొంచెం కష్టపడి దూరాలి. దూరిన తరువాత తిమ్మిరి ఎక్కితే ఆ జత వద్దు. సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి కనుక కొనుగోలు ఆ వేళ చేయడం మేలు. రెండు పాదాలు సమానంగా ఉండేవారు తక్కువ. పెద్ద పాదానికి సరిపోయిన జతనే ఎంచుకోవాలి.

నకిలీలను పట్టడం కష్టమేమీ కాదు. అట్ట అంచును వెలుతురులో చూస్తే తోలు పొరలు కనిపిస్తాయి. పొరల నడుమ కాగితపు అట్టగాని, రబ్బరుగాని దాగి ఉంటే అక్కడే బయటపడుతుంది. పట్టీని వంచితే నిజమైన తోలుపై సన్నని ముడతలు పడి, వదలగానే తగ్గుతాయి. రెక్సిన్ అయితే మెరుస్తూ పైపొర వేరుగా కదులుతుంది. రంగు వేయని అడుగుభాగంపై ఒక చుక్క నీరు పెడితే తోలు దానిని పీల్చుకొని నల్లబడుతుంది. తడిగుడ్డతో రుద్దినప్పుడు రంగు దండిగా అంటుకుంటే ఆ రంగు రేపు పాదాలకూ అంటుతుంది. పట్టీని అట్టకు కలిపే ప్రక్క చెవుల దగ్గర కుట్టును ప్రత్యేకంగా పరీక్షించాలి. చెప్పు తెగేది చాలావరకు అక్కడే.

ఇక అలవాటు చేసే పద్ధతి. తెచ్చిన రాత్రి ఆముదం రెండు మూడు చుక్కలు వ్రేలికి రాసుకొని, పట్టీ లోపలివైపు, ఉంగటం చుట్టూ, చర్మాన్ని ఒరిసే అంచుల మీద పలుచగా రుద్దాలి. ఆముదం లేకుంటే కొబ్బరినూనె చాలు. తెల్లవారే సరికి తోలు నూనెను త్రాగి ఉంటుంది. మిగిలినది గుడ్డతో తుడవాలి. ఎక్కువ నూనె పోస్తే త్వరగా మెత్తబడుతుందని కొందరు ముంచి తీస్తారు. అటువంటి జత మెత్తబడడం నిజమే, దానితోపాటు కుట్లు వదులై అట్ట ఉబ్బి, దుమ్మంతా అంటుకుంటుంది. అట్టకు నూనె అవసరమే లేదు. దానిని రెండు చేతులతో పట్టి, వ్రేళ్ళు వంగే భాగం దగ్గర మెల్లగా పది పదిహేను సార్లు వంచితే సరిపోతుంది. మడమ దగ్గర వంచరాదు.

మొదటి మూడు నాలుగు రోజులు ఇంట్లోనే, రోజుకు అరగంట మించకుండా తొడగాలి. బొటనవ్రేలికి నూలుగుడ్డ పేలిక ఒక చుట్టు చుడితే ఉంగటం ఒరుపు తగ్గుతుంది. చర్మం వెచ్చగా, మంటగా అనిపించిన క్షణమే విడవాలి, ఎందుకంటే బొబ్బ లేవడానికి ముందు వచ్చే హెచ్చరిక అదే. ఆ చోటికి ఎదురుగా ఉన్న తోలుకు మరల నూనె రాసి, ఒక రోజు విరామం ఇవ్వాలి. తరువాత వీధి చివరి వరకు, ఆపైన అంగడి వరకు దూరం పెంచవచ్చును. ఆషాఢ ఏకాదశికి పండరిపురం నడిచి వెళ్ళేవారు ప్రయాణానికి ముందు రోజు కొత్త జత కొనడం కంటే పాత చెప్పులతో బయలుదేరడం ఉత్తమం. బొబ్బ లేస్తే చిదపకుండా శుభ్రమైన గుడ్డ కట్టి మాననివ్వాలి.

మధుమేహం ఉన్నవారి సంగతి వేరు. వారిలో చాలామందికి పాదాలలో స్పర్శ తగ్గి ఉంటుంది. చెప్పు కరిచినా తెలియదు, తెలిసేసరికి పుండు పడుతుంది. మానని పుండు వ్రేలిని, ఒక్కోసారి పాదాన్నే తీసివేసే స్థితికి తీసుకుపోతుంది. అట్టివారు ఉంగటం ఉన్న గట్టి చెప్పులను అలవాటు చేసుకోవాలని ప్రయత్నించకపోవడమే క్షేమం. వైద్యులు సూచించే ఎం.సి.ఆర్. మెత్తని రబ్బరు అట్ట, వెనుక పట్టీ ఉన్న చెప్పులు వారికి తగినవి. ఇంట్లో తాతకో నాయనమ్మకో కొల్హాపురి జత కానుకగా కొనే పిల్లలు ఈ మాట ముందుగా ఆలోచించాలి.

వాన ఈ చెప్పుకు శత్రువు. తడిస్తే అట్ట నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండలోనో పొయ్యి దగ్గరో ఆరబెడితే వంకర తిరిగి బీటలు వారుతుంది. పొరపాటున తడిసిన జతను గుడ్డతో అద్ది, లోపల పాత వార్తాపత్రికలు కుక్కి, నీడలో గాలికి రెండు మూడు రోజులు ఉంచాలి. పూర్తిగా ఆరిన తరువాతనే పలుచగా నూనె రాయాలి. వానాకాలమంతా అటకపై ఉంచదలచినవారు ప్లాస్టిక్ సంచిలో కట్టకూడదు, బూజు పడుతుంది. నూలుగుడ్డలో చుట్టి, నెలకొకసారి తీసి గాలికి పెడితే కార్తీకం నాటికి మరల కాలికి సిద్ధంగా ఉంటాయి.