పొగగొట్టానికి మాసిక

ఒక లీటరు పెట్రోలు ఇంజన్‌లో మండితే ఎంత నీరు పుడుతుంది? సుమారు ఒక లీటరు. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరై సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. చలికాలం పొద్దున్నే కారు వెనక గొట్టంలోంచి బొట్లు బొట్లుగా కారేది ఈ నీరే. దూరప్రయాణాల్లో గొట్టం బాగా కాగుతుంది కనుక ఆవిరి ఆవిరిగానే వెళ్లిపోతుంది. ఇంటికీ బడికీ కూరగాయల మార్కెట్‌కూ తిరిగే కారులో మాత్రం గొట్టం వేడెక్కేలోపే ఇంజన్ ఆగుతుంది, నీరు లోపల నిలుస్తుంది. నైట్రోజన్, గంధకం ఆక్సైడ్లు అందులో కరిగి పలుచని ఆమ్లమవుతాయి. అందుకే సైలెన్సర్ చాలాసార్లు లోపలి నుంచి తుప్పు పడుతుంది. పైకి కనిపించేసరికి రేకు నానిన అట్టముక్కలా తయారై ఉంటుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-6 ఇంధనంలో పది లక్షల పాళ్లకు గంధకం 10 పాళ్లు మించకూడదు. బీఎస్-4లో ఆ హద్దు 50. ఆమ్లం బెడద తగ్గింది, నీటి బెడద తగ్గలేదు. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి బయటి నుంచి తన వంతు తింటుంది. మిషిగన్‌లాంటి చలిరాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువాళ్ల కార్లకు, మంచు కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుతో ఇదే తంటా.

లోపల నీరు నిలుస్తుందని తెలిసే చాలా సైలెన్సర్ల అడుగున, నీరు కారిపోయేందుకు, చిన్న బెజ్జం వదులుతారు. దాన్నీ చిల్లనుకుని వెల్డింగ్ పెట్టించేవాళ్లున్నారు. డబ్బిచ్చి తుప్పు కొనుక్కోవడం అంటే అదే.

అసలు చిల్లును పట్టుకోవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. చల్లని ఇంజన్‌ను ఆరుబయట స్టార్ట్ చేసి, మందపాటి చేతితొడుగు వేసుకున్న మరొకరు వెనక గొట్టాన్ని గుడ్డతో రెండు మూడు సెకన్లు సగం మూస్తే, కారుతున్న చోట బుస్సుమని చప్పుడొస్తుంది. అనుమానమున్న అతుకు మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలు లేస్తాయి. మసి చార కనిపిస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టిక్‌టిక్‌మని చప్పుడొచ్చి, కాగాక అది తగ్గిపోతే పగులు ఇంజన్ దగ్గర ఉండొచ్చు: లోహం వేడికి వ్యాకోచించి పగులును తనే మూసుకుంటుంది.

చిల్లు ఎక్కడుందన్నదే ఖర్చును తేలుస్తుంది. ఎక్కువ లోడు మీద పరిగెత్తే పెట్రోలు ఇంజన్ వాకిట్లో పొగ వేడి 800 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. తోక దగ్గరికి వచ్చేసరికి ఒకటి రెండు వందలకు దిగుతుంది. నల్లా అతుకులకు వాడే ఎపాక్సీ ముద్ద 150 డిగ్రీలు దాటితే మెత్తబడి ఊడిపోతుంది కాబట్టి దాన్ని మరిచిపోవడం మేలు. సైలెన్సర్ల కోసమే అమ్మే పేస్టుల్లో చాలావాటికి ఆధారం సోడియం సిలికేట్. నీరు ఇగిరిపోయాక అది గాజులా గట్టిపడుతుంది, వేడికి చెక్కుచెదరదు. కానీ గాజుకున్న పెళుసుదనమూ ఉంటుంది. సన్నని బీటకు, కదలని అతుకుకు సరిపోతుంది. తుప్పును వైరుబ్రష్‌తో గీకి, పేస్టు పూసి, ఇంజన్‌ను కాసేపు ఐడిల్‌లో ఉంచి నెమ్మదిగా కాగనివ్వాలి. ఒక్కసారిగా కాగితే లోపలి ఆవిరి పేస్టును పొక్కించేస్తుంది. తిన్నని గొట్టానికి చిన్న చిల్లు పడితే రేకుముక్క చుట్టి రెండు క్లాంపులు బిగించినా కొన్ని నెలలు లాగుతుంది.

ఇంజన్‌కూ ఆక్సిజన్ సెన్సర్‌కూ మధ్య పడిన చిల్లుకు ఈ చిట్కాలు చాలవు. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే గొట్టంలో సెకనుకు 100 సార్లు పొగ తన్నుకొస్తుంది. తన్నుకూ తన్నుకూ మధ్య పీడనం పడిపోయి, చిల్లు బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ ఆక్సిజన్‌ను చూసిన సెన్సర్ పెట్రోలు తక్కువైందని కంప్యూటర్‌కు కబురు పంపుతుంది, అది ఇంకాస్త పోయిస్తుంది. 1976లో వోల్వో కార్లతో మొదలైన ఈ సెన్సర్ అంత నమ్మకస్తురాలు, కానీ చిల్లు సంగతి దానికేం తెలుసు! మైలేజీ పడిపోతుంది.

కారు గది కింద పడిన చిల్లు విషయంలో బేరాలు లేవు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే దాన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కారులో కూర్చుంటే తలనొప్పి, దిగితే తేరుకోవడం జరుగుతుంటే ఆ కారును అద్దాలేసుకుని నడపకూడదు. డిక్కీ తెరిచి నడిపితే గాలి ఆడుతుందనుకోవడం ఇంకో పొరపాటు: పరుగెత్తే కారు వెనక పీడనం తగ్గి, పొగ లోపలికే వస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లోనో ఏ ఊరి షెడ్డులోనో గొట్టాన్ని వెల్డింగ్‌కు ఇచ్చేముందు చూడాల్సినవి కొన్నున్నాయి. చాలాసార్లు పాడయ్యేది గొట్టం కాదు, అతుకులోని ప్యాకింగ్; అది మారిస్తే పని అయిపోతుంది. గొట్టాన్ని వేలాడదీసే రబ్బర్లు తెగితే బరువంతా అతుకుల మీద పడుతుంది. వాటిని మార్చకుండా వెల్డింగ్ పెడితే పక్కనే మళ్లీ పగులుతుంది. స్క్రూడ్రైవర్‌తో తడితే దిగబడిపోయే రేకు మీద వెల్డింగ్ నిలవదు. కుళ్లిన ముక్కను కోసి కొత్త ముక్క తొడగడమే చవక. పలుచని గొట్టానికి మామూలు ఆర్క్ కంటే సీఓటూ వెల్డింగ్ మేలు, ఆర్క్ అయితే రేకు కాలి చిల్లు పెద్దదవుతుంది. చేతికందిందని జీఐ పైపు ముక్క అతికితే దాని జింకు పూత మండి వచ్చే పొగకు వెల్డర్‌కు సాయంత్రానికి చలిజ్వరం రావచ్చు. సుమారు 11 శాతం క్రోమియం ఉన్న 409 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో చాలా కార్ల గొట్టాలు చేస్తారు. దానికి అయస్కాంతం అంటుకుంటుంది, కాబట్టి అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదనే వంటింటి పరీక్ష ఇక్కడ చెల్లదు.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పించాలి, లేకపోతే కారు కంప్యూటర్ పాడయ్యే ప్రమాదముంది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసి మామూలు గొట్టం పెడతామంటే ఒప్పుకోకూడదు. అది చట్టవిరుద్ధం, పైగా అందులో ఖరీదైన ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. ఆ సలహా ఊరికే రాదు. క్లాంపు బిగించిన అతుకైతే ఒకటి రెండుసార్లు కాగి చల్లారాక నట్లను మళ్లీ ఓసారి బిగించుకోవాలి.