మన ఇండ్లలోని వికలాంగులు: ముందుగా చేయవలసిన పని

నేతపని గల ఇంటిలో కూర్చుండి చేయు పనికి కొరత లేదు. నూలు తోడవలెను, చిక్కు తీయవలెను, కండెలు చుట్టవలెను, పడుగు అతుకవలెను. కాలు సరిగా లేని పిల్లకైనను, మాట రాని పిల్లవానికైనను, నెమ్మదిగా గ్రహించు బిడ్డకైనను ఏదో యొక పని దొరకును. తిండికి బట్టకు లోటు రాకుండ అన్నదమ్ములు చూచుకొందురు. ఇది మన వృత్తిలోని మంచితనమే. దీనిని మేము తక్కువ చేయుట లేదు.

అయితే ఈ మంచితనపు చాటుననే ఒక నష్టము జరుగుచున్నది. "రాట్నము దగ్గర కూర్చుండి నాలుగు కండెలు చుట్టుచున్నాడు గదా, చాలును" అని పెద్దలు ఊరకుందురు. ఆ బిడ్డ ఆసుపత్రి మెట్లెక్కడు, బడి గడప తొక్కడు, ప్రభుత్వపు లెక్కలో చేరడు. తల్లిదండ్రులు గతించిన పిమ్మట, న్యాయముగా రావలసిన సహాయము కూడ అందదు. కావున మేము సభ్యులందరికి చెప్పునది ఒక్కటే: బిడ్డ చేతికి కండె ఇచ్చుటకు ముందు, వైద్య పరీక్ష చేయించి వైకల్య ధ్రువపత్రము ఇప్పించుడు.

పత్రమే తాళపుచెవి

వికలాంగుల హక్కుల చట్టము 2016లో ఆమోదము పొంది, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. 1995 నాటి పాత చట్టము 7 విధముల వైకల్యములనే గుర్తించెను. ఇప్పుడవి 21. చూపు, వినికిడి, కాలుసేతుల లోపములే గాక, బుద్ధిమాంద్యము, ఆటిజము, మానసిక వ్యాధి, కండరముల క్షీణత, తలసీమియా, హిమోఫిలియా, సికిల్ సెల్ వ్యాధి మొదలగునవి కూడ ఇందు చేరినవి. కావున "మావానికి కాలుసేతులు బాగుగనే ఉన్నవి, మాకు పత్రమెందుకు" అనుకొనరాదు.

వైకల్యము 40 శాతము, అంతకు మించి యున్నవారికి చట్టములోని ముఖ్యమైన హక్కులు వర్తించును. 6 ఏండ్ల నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య, ఉన్నత విద్యలో 5 శాతము, ప్రభుత్వోద్యోగములలో 4 శాతము స్థానములు అందు ముఖ్యములు. కేంద్ర ప్రభుత్వము 1981 నుండి నడుపుచున్న ఉపకరణముల పథకము క్రింద మూడు చక్రముల బండి, కాలిపర్, వినికిడి యంత్రము, చేతికర్ర మొదలగునవి ఆదాయమును బట్టి ఉచితముగా గాని తగ్గింపు ధరకు గాని లభించును. బీదకుటుంబములలో 80 శాతము, అంతకు మించి వైకల్యము గల పెద్దలకు కేంద్రము నెలకు 300 రూపాయల పింఛను ఇచ్చును. రాష్ట్రములు తమ వంతు కలుపును, లేదా వేరుగా పింఛను ఇచ్చును. ఆ మొత్తము రాష్ట్రమును బట్టి మారును. పత్రము లేనిచో వీనిలో చాలవరకు చేతికందవు.

దరఖాస్తు స్వావలంబన్ అను ప్రభుత్వ పోర్టల్ ద్వారా, ఊరిలోని కంప్యూటరు సేవాకేంద్రములో పెట్టవచ్చును. ఆధార్, ఫోటో, నివాసపు రుజువు, ఇంతవరకు చేయించిన వైద్యపు కాగితములు వెంట నుంచుకొనవలెను. పిదప ఆసుపత్రిలో పరీక్ష జరుగును. పత్రముతోపాటు గుర్తింపు కార్డు వచ్చును. 2024లో చేసిన సవరణ ప్రకారము శాతమును బట్టి కార్డు రంగు తెలుపు, పసుపు, నీలము అని మూడు విధములు. నిర్ణయము న్యాయముగా లేదని తోచినచో అప్పీలు చేసికొను హక్కు చట్టములోనే గలదు.

తరతరములుగా పరరాష్ట్రములందున్న మనవారికి ఇక్కడ ఒక సందేహము గలదు. "తాతగారి ఊరికి పోయి తెచ్చుకొందమా?" అని యడుగుదురు. అక్కరలేదు. ఏ జిల్లాలో నివసించుచున్నామో ఆ జిల్లాలోనే దరఖాస్తు చేయవలెను. ఒకచోట ఇచ్చిన పత్రము దేశమంతట చెల్లును. పింఛను మాత్రము నివసించు రాష్ట్రమే ఇచ్చును.

పోలియో వలన కాలు పోయిన మన పెద్దవారు కూడ వెనుకాడ పనిలేదు. మన దేశము పోలియో లేనిదిగా 2014 మార్చి 27న ధ్రువీకరింపబడినది. అంతకు ముందు ఆ వ్యాధి పాలైనవారు నేటికిని మగ్గముల నడుమ మన కన్నులయెదుటనే ఉన్నారు. పత్రమునకు వయస్సు అడ్డు కాదు.

మగ్గపు చప్పుడులో దాగు చెవుడు

మన ఇండ్లలో పసిబిడ్డ మగ్గపు చప్పుడులోనే నిద్రించును. ఎంత చప్పుడైనను లేవకున్న, "మగ్గమునకు అలవాటుపడినాడు" అని మురిసిపోవుదుము. నిజమునకు ఆ బిడ్డకు వినికిడి లేకపోవచ్చును. మగ్గము ఆపిన వేళ, వెనుకనుండి చప్పట్లు కొట్టి చూడవలెను. బిడ్డ ఉలికిపడకున్నను, తలత్రిప్పకున్నను వెంటనే చెవి పరీక్ష చేయించవలెను. మాట నేర్చు వయస్సు మొదటి కొద్ది ఏండ్లే. పుట్టుచెవుడు గల 5 ఏండ్ల లోపు బిడ్డలకు కాక్లియర్ శస్త్రచికిత్సకు కేంద్ర సహాయము గలదు. ఆలస్యము చేసినచో ఆ తరుణము మరల రాదు.

4 నెలలు నిండినను మెడ నిలువకున్నను, 9 నెలలు నిండినను కూర్చుండకున్నను, 18 నెలలు నిండినను నడకగాని, ఒక్క మాటగాని రాకున్నను, "వాని మేనమామకు కూడ ఆలస్యముగానే వచ్చినవి" అని కాలము గడపరాదు. పాదము లోపలికి వంకరగా పుట్టిన బిడ్డకు మొదటి వారములలోనే పాన్సెటి పద్ధతిని వారమునకొకటి చొప్పున పిండికట్లు వేసి, చాలవరకు చక్కబరచవచ్చును. పిదప సుమారు 4 ఏండ్ల వరకు రాత్రులు ప్రత్యేకపు బూట్లు విడువక తొడుగవలెను. గుంట మగ్గపు తొక్కుడు కర్రలపై రెండు పాదములు ఆడవలసిన మన వృత్తిలో ఈ చికిత్స విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టిననాటి నుండి 18 ఏండ్ల వరకు పిల్లలను అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను ఉచితముగా పరీక్షింతురు. లోపము కనబడినవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు బిడ్డను దాచక చూపవలెను.

మరియొక మాట. మేనరికపు వివాహములందు పుట్టు చెవుడు మొదలగు కొన్ని వంశపారంపర్య లోపములు కలుగు అవకాశము హెచ్చు. ఇప్పటికే అట్టి బిడ్డ యున్న ఇంటివారు మరల మేనరికము కుదుర్చుకొనుటకు ముందు వైద్యుని సలహా పొందవలెను.

పరీక్ష ఏ భాషలో?

ఇంటిలో తెలుగు మాత్రమే వినుచు పెరిగిన 4 ఏండ్ల బిడ్డను మరాఠీలోనో, కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో ప్రశ్నించినచో బదులు చెప్పలేదు. ఆ మౌనమును బుద్ధిమాంద్యముగా లెక్కించు ప్రమాదము గలదు. అటులనే, నిజముగా ఉన్న లోపమును "భాష తెలియక మాటాడుట లేదు" అని త్రోసివేయుటయు గలదు. కావున పరీక్షకు పోవునప్పుడు, బిడ్డ ఇంటిభాష తెలుగు అని ముందే చెప్పి చీటిలో వ్రాయించవలెను. రెండు భాషలు తెలిసిన పెద్దవారొకరు వెంట పోవుట మేలు.

ఎవరెక్కడికి పోవలెను?

కర్ణాటకలోనివారికి మైసూరులో 1965 నాటి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ గలదు. గ్రామపంచాయతీలలో గ్రామ పునర్వసతి కార్యకర్తలు దరఖాస్తులకు తోడ్పడుదురు. తమిళనాటివారికి చెన్నై చెంత ముట్టుకాడులో బహుళ వైకల్యముల జాతీయ సంస్థ గలదు. బరంపురము మొదలగు ఒడిశా పట్టణములవారికి కటకము జిల్లా ఓలత్‌పూర్‌లో స్వామి వివేకానంద పునర్వసతి సంస్థ గలదు. షోలాపూరు, భివండి వారికి ముంబయి బాంద్రాలో అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ సంస్థ, హాజీ అలీ వద్ద 1955 నాటి భౌతిక చికిత్సా సంస్థ గలవు. మహారాష్ట్రలో 2022లో వికలాంగులకై ప్రత్యేక శాఖయే ఏర్పడినది. యానాము వారు చికిత్సకు దాపుననున్న కాకినాడ పోయినను, పింఛను దరఖాస్తు పుదుచ్చేరి ప్రభుత్వమునకే పెట్టవలెను. బుద్ధిమాంద్యము గల బిడ్డకు తెలుగు నాటనే చూపింప దలచినవారికి సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984 నాటి జాతీయ సంస్థ గలదు. మనసు కలత చెందినవారి విషయమై 14416 నంబరుకు టెలిఫోను చేసిన తెలుగులోనే ఉచితముగా సలహా లభించును.

మా తరువాత ఎవరు?

తల్లిదండ్రులను నిద్రపోనీయని ప్రశ్న ఇదియే. ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గలవారికై 1999లో జాతీయ ట్రస్టు చట్టము వచ్చినది. వారికి 18 ఏండ్లు నిండిన పిమ్మట, జిల్లా కలెక్టరు సభ్యుడుగా గల స్థానిక కమిటీ ద్వారా చట్టబద్ధమైన సంరక్షకుని నియమింపవచ్చును. తల్లిదండ్రులు బ్రతికి యుండగనే ఈ ఏర్పాటు చేసికొనుట క్షేమము. అదే ట్రస్టు నిరామయ బీమా క్రింద ఏటా లక్ష రూపాయల వరకు వైద్యపు ఖర్చు భరించును.

సంఘముల బాధ్యత

ప్రతి సహకార సంఘము మగ్గముల లెక్కతోపాటు, సభ్యుల ఇండ్లలోని వికలాంగుల పట్టికయు వ్రాసి యుంచవలెనని మా విన్నపము. పేరు, వయస్సు, పత్రము కలదా లేదా అను మూడు గడులు చాలును. నెలకొకమారు, కూలి బట్వాడా దినమున, చదువు తెలిసిన యువకుడొకరు సంఘ కార్యాలయములో కూర్చుండి దరఖాస్తులు నింపిపెట్టవలెను. ఆసుపత్రి దినమున మగ్గము ఆగినచో ఆనాటి కూలి పోవునన్న భయము చేతనే పలువురు ఆగిపోవుచున్నారు. కావున నాలుగైదు కుటుంబములను ఒక్కదినముననే, తోడు నిచ్చి పంపుట మంచిది.

పని మానిపింపుడని మేము చెప్పుట లేదు. చదువు, చికిత్స పొందిన పిమ్మట తన ఇష్టముతో కండె పట్టిన చేయి వేరు, వేరు దారి లేక పట్టిన చేయి వేరు. ఆ దారి చూపుట మన చేతిలోని పని.