‘మేజర్’ చిత్రము పిల్లలకు జూపదగునా?

‘మేజర్’ అను తెలుగు చిత్రమును పిల్లలకు జూపవచ్చునా, చూపినచో నే వయస్సువారికి జూపవలెను అను ప్రశ్నను విడవలూరు వాస్తవ్యులగు కొందఱు తలిదండ్రులు మా ముందుంచిరి. సినిమా సంగతియే గదా యని త్రోసిపుచ్చదగిన ప్రశ్న యిది కాదు. విడవలూరు నెల్లూరునకు ఈశాన్యమున, పెన్నకు ఉత్తరపు వైపున, సముద్రమునకు జేరువ నున్న మండలకేంద్రము. ఒక ప్రక్క వరిమళ్లు, ఒక ప్రక్క రొయ్యల గుంటలు, ఆవల రామతీర్థము తీరమును, పట్టపువారి పాలెములును. ఇంటర్మీడియటు ముగించిన కుఱ్ఱవానికి సేద్యము, రొయ్యల గుంట, సముద్రపు వేట అను మూడు త్రోవలును సందేహాస్పదములైన యీ దినములలో నాల్గవ త్రోవగా గానవచ్చుచున్నది సైన్యము. తెల్లవాఱకమునుపే రోడ్డువెంట పరుగు సాధన చేయు యువకులు ఈ ప్రాంతపు పల్లెలలో క్రొత్తవారు గారు. అట్టివాని యింట సైనికుని కథ తెరమీద నాడినపుడు అది వినోదమాత్రమై యుండదు. పిల్లవాడు దానిని తన జాతకముగా జదువుకొనును. కావున మా యభిప్రాయమును గొంత విపులముగనే తెలుపుచున్నాము.

చిత్రము 2022 జూన్ 3న విడుదలయ్యెను. తెలుగునను హిందీలోను నేకకాలమున దీయబడినది. దర్శకుడు శశికిరణ్ తిక్క. కథానాయకుడు అడివి శేష్. కథను సమకూర్చినవాడు నాతడే. నిర్మాతలలో మహేశ్ బాబు సంస్థ యొకటి. వీరుని తలిదండ్రులుగా ప్రకాశ్ రాజ్, రేవతి నటించిరి. కథకు మూలపురుషుడు కల్పితుడు గాడు. సందీప్ ఉన్నికృష్ణన్ 1977 మార్చి 15న జన్మించి, ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో శిక్షణ పొంది, బీహారు రెజిమెంటున నధికారియై, పిదప జాతీయ భద్రతాదళమున జేరెను. 2008 నవంబరులో ముంబయి తాజ్ హోటలున గాయపడిన సహచరుని సురక్షితముగ దప్పించి, తానొక్కడే ముష్కరుల వెంట నడచి, ఆ నెల 28వ తేదీన ప్రాణము లర్పించెను. అప్పటికి వయస్సు 31 ఏండ్లు. 2009 గణతంత్ర దినమున నశోకచక్రము ప్రకటింపబడెను.

చిత్రమునకు సెన్సారువా రిచ్చినది ‘యు/ఎ’ పత్రము. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టమున మొదట నున్నవి అందఱికిని ‘యు’, పెద్దలకు ‘ఎ’ అను రెండు తరగతులే. 1983లో నడుమ ‘యు/ఎ’ చేర్చిరి. పండ్రెండేండ్లలోపు పిల్లలు తలిదండ్రుల విచక్షణకు లోబడి చూడవచ్చునని దాని యర్థము. ఈ నడుమగది రానురాను ధర్మసత్రమయ్యెను. ఏడేండ్ల పిల్ల నవ్వుచు జూడదగిన కథయు, పదునైదేండ్లవానికి గూడ నిద్ర పట్టనీయని రక్తపాతమును ఒకే చాపమీద బండుకొనెను. తుదకు 2023లో చట్టము సవరింపబడి, ఆ గది 7, 13, 16 ఏండ్లను మూడు మెట్లుగా విభజింపబడినది. ‘మేజర్’ ఈ సవరణకు బూర్వపు చిత్రము; దాని నుదుట నే యంకెయు లేదు. ఆ యంకె వేయు పని మాదైనచో 13 వేయుదుము. అయితే యీ యంకెలు తలిదండ్రులకు సూచనలే కాని యాజ్ఞలు గావు. పైగా సినిమాహాలు ద్వారపాలకుని కాలము గతించెను. విడుదలయైన నెలకే, జూలై 3న, చిత్రము నెట్‌ఫ్లిక్సున బ్రవేశించినది. చేతనున్న ఫోనులో పిల్లవాడు దుప్పటి క్రింద జూడగలడు. భారమంతయు నింటివారిదే.

పదుమూడేండ్లే యెందుకు? చిత్రపు ఉత్తరార్ధమంతయు హోటలు ముట్టడి. నిరాయుధులను గాల్చుట, నెత్తురు, గదిలో చిక్కినవారి ఊపిరి బిగపట్టుట, తుదకు కథానాయకుని మరణము: ఇవన్నియు మిక్కిలి దగ్గఱగా, మిక్కిలి బిగ్గఱగా జూపబడినవి. భరతుడు నాట్యశాస్త్రమున యుద్ధమును, మరణమును రంగముమీద బ్రత్యక్షముగ జూపరాదనియు, ప్రవేశకాదులచే సూచింపవలెననియు విధించెను. నేటి చలనచిత్రమున కా నియమమును వర్తింపజేయుమని మేమడుగము. అడిగినను వినువారు లేరు. కాని యా శాస్త్రకారుడే చేసిన వేఱొక విభజన మనకు నేటికిని బనికివచ్చును. వీరమునకు స్థాయి యుత్సాహము. రౌద్రమునకు స్థాయి క్రోధము. బయటి చేష్టలు రెండింటను నొక్కటిగనే యుండును. చిత్రము చూచి వచ్చిన పిల్లవాడు “నేను గూడ కాపాడుదును” అన్నచో వీరము పండినది. “వాండ్రను జంపవలెను” అన్నచో రౌద్రము మిగిలినది. ఈ గీటుఱాతిపై ‘మేజర్’ చాల వఱకు నెగ్గినదనియే మా తీర్పు. శత్రువును జంపుటకంటె చిక్కినవారిని విడిపించుటయే దీనిలో బ్రధానము. ఒక మతమునో జాతినో ద్వేషింపుమని కథ ప్రేరేపింపదు. సైనికచిత్రములలో నిది సామాన్యమైన గుణము కాదు. కాని వీరరౌద్రముల భేదము పట్టుకొనగల బుద్ధి యెనిమిదేండ్ల పిల్లవానికి నుండదు. వానికి గుర్తుండునది తుపాకి చప్పుడే.

ప్రణయఘట్టములను గుఱించి కొందఱు పెద్దలు కలవరపడుచున్నారు. పాఠశాలనాటి ప్రేమ, ఒక ముద్దు, పిదప భార్యాభర్తల యెడబాటు కలవు. ఇందు మాకు భయంకరమైన దేమియు గోచరింపలేదు. మన యింటింటి టీవీలో నిత్యము వచ్చు నాటకములలోని కుత్సితముకంటె నిది శతగుణము శుభ్రము. ఇంతకును, సైనికుని యుద్యోగమునకు వెల చెల్లించునది యింటనున్న యాలు అను సత్యము నీ భాగమే చెప్పుచున్నది. పదునాల్గేండ్ల బాలిక దీనిని తెలిసికొనుట మంచిదే.

మాకు గల యసంతృప్తి వేఱొకచోట నున్నది. అకాడమీ భాగము కడు సంక్షిప్తము. మూడేండ్ల శిక్షణ కొన్ని నిమిషములలో గడచిపోవును. పాట, పరుగు, చెమట, వందనము, అంతలో నధికారి! హిందీలో 2004లో వచ్చిన ‘లక్ష్య’ ఈ విషయమున మెఱుగు. అందలి నాయకుడు డెహరాడూను అకాడమీనుండి శిక్షకు దాళలేక పాఱిపోయి, సిగ్గుపడి, మరల దానంతట దానే పోయి చేరును. ఓటమి చూపిన చిత్రము పిల్లవానికి ఎక్కువ మేలు చేయును. ఇక అమెరికాలో 1981లో వచ్చిన ‘టాప్స్’ అను చిత్రమున్నది. తమ సైనిక విద్యాలయము మూతపడుచున్నదని తెలిసి, విద్యార్థులే యాయుధములు చేపట్టి దానిని పట్టుకొందురు. తుదకు బాలురే చత్తురు. గౌరవమను మాటను అర్థము విడిచి పట్టుకొనిన పిల్లలేమగుదురో యది చూపును. అదియు పెద్దలు ప్రక్కన గూర్చుండి చూపదగిన చిత్రమే.

ఇట్టి చిత్రములలో సీనియర్లు విధించు శిక్షలు హాస్యముగనో ఘనతగనో కానవచ్చుట మఱియొక చిక్కు. నెల్లూరు వసతిగృహములలో జదువు మన పిల్లలు దానిని చూచి వచ్చి, రాత్రివేళ క్రొత్తగ జేరినవానిని గోడకుర్చీ వేయింపరని నమ్మకమేమి? 1997లోనే ర్యాగింగును నిషేధించుచు ఆంధ్రప్రదేశమున జట్టము వచ్చినది. అధికారి పర్యవేక్షణలో నిచ్చు క్రమశిక్షణ వేఱు, బలవంతుడు బలహీనునిపై దీర్చుకొను సరదా వేఱు. ఈ మాట చిత్రము చెప్పదు. తండ్రియో పంతులో చెప్పవలెను.

నెల్లూరు జిల్లావారిలో మఱియొక యాక్షేపణ వినబడవచ్చును. పెన్న కావలి యొడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న మహాత్ముడు స్వయముగ బ్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమ మున్నది. దాని నీడలో బెరుగు పిల్లలకు తుపాకుల చిత్రమా యని. ఈ యాక్షేపణను మేము గౌరవింతుము, కాని యంగీకరింపము. పిఱికితనమునకును హింసకును నడుమ నొకదానినే యెన్నుకొనవలసివచ్చిన హింసనే సలహా యిత్తునని 1920లో వ్రాసినవాడు నా మహాత్ముడే. సత్యాగ్రహియు, సైనికుడును భయమును జయించు పాఠమును ముందుగ నేర్తురు. త్రోవలు పిదప వేఱగును.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. చిత్రము విడుదలయైన పిమ్మట నిర్మాతలు పాఠశాలలవారికి టిక్కెట్టు ధరలో రాయితీ ప్రకటించిరి. బాలురలో దేశభక్తి కలుగవలెనని వారి యుద్దేశము, ప్రశంసనీయమే. కాని కాలచక్రపు విచిత్రము చూడుడు. జూన్ 3న చిత్రము వచ్చినది. సరిగ పదునొకండు దినములకు, జూన్ 14న, కేంద్రప్రభుత్వము ‘అగ్నిపథ్’ పథకమును వెల్లడించెను. పదునేడున్నర మొదలు ఇరువదియొక్క ఏండ్ల వఱకు గలవారు నాలుగేండ్లకు సైన్యమున జేరుదురు. వారిలో నాల్గవవంతు మంది మాత్రమే పిదప నిలుపబడుదురు. ఏండ్లతరబడి పరుగు సాధన చేసిన యువకుల గుండె మండెను. జూన్ 17న సికిందరాబాదు రైలుస్టేషనులో బండ్లు తగులబడెను. పోలీసు కాల్పులలో నొక యువకుడు మరణించెను. తెరమీద సైనికునకు జనము చప్పట్లు చఱచుచున్న వారములలోనే సైనికుడు కాగోరిన పల్లెయువకుడు పట్టాలమీద బడిపోయెను. ఆ విధ్వంసమును మేము సమర్థింపము. కాని తెరకును పల్లెకును నడుమ గల దూరము నీ రెండు సంఘటనలంత స్పష్టముగ మఱేదియు జూపజాలదు.

ఆ దూరమిది. చిత్రమునందలి త్రోవ అధికారి త్రోవ. దానికి ద్వారము జాతీయ రక్షణ అకాడమీ పరీక్ష. సంవత్సరమునకు రెండుమాఱులు జరుగును. పదునాఱున్నర మొదలు పందొమ్మిదిన్నర ఏండ్ల వయస్సు, ఇంటర్మీడియటు చదువు కావలెను. ప్రశ్నపత్రము లింగ్లీషునను హిందీలోను మాత్రమే యుండును. వ్రాతపరీక్షకు 900 మార్కులు, దానిని గెలిచినవారికి ముఖాముఖి పరీక్షకు మఱి 900. పిదప ఖడక్‌వాస్లాలో మూడేండ్లు. ఆపైన నొక సంవత్సరము పదాతిసేనకు డెహరాడూను, నౌకాదళమునకు ఎళిమల, వైమానికదళమునకు మన హైదరాబాదు చెంతనున్న దుండిగల్. తెలుగు మాధ్యమమున జదివిన విడవలూరు విద్యార్థి యీ త్రోవ యున్నదని తెలియకయే పదునెనిమిది నిండించుకొనుచున్నాడు. వానికి దెలిసిన త్రోవ నెల్లూరు ర్యాలీ మైదానము.

అంతకు ముందు మెట్టు సైనిక పాఠశాల. విజయనగరము చెంత కోరుకొండలో 1962లో నొకటి, రాయలసీమలో కలికిరియందు 2014లో నొకటి నెలకొన్నవి. ఆఱవ తరగతి ప్రవేశపరీక్షను పది మొదలు పండ్రెండేండ్లవారు తెలుగునందే వ్రాయవచ్చును. తొమ్మిదవ తరగతికి మాత్ర మింగ్లీషు తప్పదు. అనగా తెలుగు పిల్లవానికి సులభమైన తలుపు పండ్రెండవయేటనే మూసికొనుచున్నది. ఈ సంగతి యెఱిగిన తలిదండ్రు లెందఱు? ఆడపిల్లలకు గూడ నీ పాఠశాలలు 2021లో దెఱువబడినవి. సుప్రీముకోర్టు జోక్యముతో 2022లో ఖడక్‌వాస్లా ద్వారములును దెఱచుకొనెను. ఆ మొదటి బృందము 2025 మే నెలలో శిక్షణ ముగించి వెలువడినది. ‘మేజర్’లో వీరుడు పురుషుడే గదా యని చెల్లెలిని ఇంటనుంచి యన్నను మాత్రము తీసికొనిపోవలదు.

విశ్వామిత్రుడు యాగరక్షణకు రాముని నడిగినపుడు, ఇంకను పదునాఱేండ్లైనను నిండలేదే యని దశరథుడు దీనుడై ప్రాధేయపడెను. రాజైనను తండ్రియే. నేటి నియమమున గూడ వయస్సు పదునాఱున్నర యగుట చూడ, ఆ వృద్ధుని లెక్క తప్పు గాదనిపించును. పదుమూడవయేట చూపి, పదునాఱవయేట పిల్లవాడే నిర్ణయించుకొనుటకు నడుమ మూడేండ్ల వ్యవధి యుంచుడని మా సూచన.

పాలెములవారితో నొక్కమాట. ముంబయిపై వచ్చిపడిన పదిమందియు సముద్రముమీదనే వచ్చిరి. ‘కుబేర్’ అను గుజరాతు చేపలపడవను నడిసముద్రమున బట్టుకొని, అందలి జాలరులను జంపి, ముంబయి జాలరిపేటయొద్ద రబ్బరు పడవలో దిగిరి. ఆ క్రొత్తవారిని మొట్టమొదట జూచి, మీరెవరని ప్రశ్నించినవారు నాపేట జాలరులే. ఆ దాడిలో 166 మంది మరణించిన పిదప మన తీరము పొడవునను మెరైన్ పోలీసు ఠాణాలు పెరిగినవి. వేటకు బోవువారికి వ్రేలిముద్రలతో గుర్తింపుకార్డు లిచ్చిరి. రామతీర్థము తీరపు పిల్లవాడు ‘మేజర్’ చూచిన రాత్రి, తండ్రి తన కార్డు బయటకు దీసి, అది తన జేబులోనికి ఎందుకు వచ్చినదో వానికి జెప్పవలెను.