గొర్రె తొడలో ఒక్క అక్షరం

నెదర్లాండ్స్ తీరంలోని టెక్సెల్ దీవి గొర్రెలకు పేరు మోసింది. దీవి పేరే జాతికీ వచ్చింది. వెనకవైపు నుంచి చూస్తే తొడలు దిమ్మల్లా ఉబ్బి కనిపిస్తాయి. మాంసం ఎక్కువ, కొవ్వు తక్కువ. ఇది మేత మహిమ కాదు. కండ పెరుగుదలకు కళ్లెం వేసే మయోస్టాటిన్ అనే ప్రొటీన్ వీటిలో తక్కువగా తయారవుతుంది.

ఎందుకు తక్కువ? 2006లో బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయానికి చెందిన మిషెల్ జార్జ్ బృందం గుట్టు విప్పింది. మయోస్టాటిన్ జన్యువులోని డీఎన్ఏ అక్షరాల వరుసలో 'జి' ఉండాల్సిన ఒక్క చోట 'ఏ' ఉంది. అదీ ప్రొటీన్ నిర్మాణాన్ని నిర్దేశించే భాగంలో కాదు, దాని వెనకుండే తోకలో!

జన్యువులోని సమాచారానికి కణం ముందు ఆర్ఎన్ఏ రూపంలో నకలు తీస్తుంది. ఆ నకలును బట్టి ప్రొటీన్ తయారుచేస్తుంది. మైక్రోఆర్ఎన్ఏ కూడా ఆర్ఎన్ఏనే, కానీ సుమారు 22 అక్షరాల తునక. అది ప్రొటీన్‌గా మారదు. తనకు జోడీ కుదిరే వరుస ఏ నకలు తోకలో కనిపించినా అక్కడ అతుక్కుని దాని పని ఆపిస్తుంది. టెక్సెల్ గొర్రెలో మారిన అక్షరం, కండలో దండిగా ఉండే మిర్-1, మిర్-206 అనే మైక్రోఆర్ఎన్ఏలకు కొత్తగా పీట వేసింది. కళ్లెం సడలింది, కండ పెరిగింది.

మామూలు కండ తయారీలోనూ మైక్రోఆర్ఎన్ఏల పెత్తనం తక్కువేమీ కాదు. ప్రయోగశాలల్లో సీ2సీ12 అనే ఎలుక కణాలను పెంచుతారు. గిన్నెలో సీరం (రక్తం నుంచి తీసిన పోషక ద్రవం) సమృద్ధిగా ఉన్నంతకాలం అవి విడివిడిగా విభజన చెందుతూనే ఉంటాయి. సీరాన్ని 2 శాతానికి తగ్గిస్తే కొద్ది రోజుల్లో విభజన మాని, వరుసగా చేరి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి పొడవాటి గొట్టాలవుతాయి. కండపోగుకు అదే తొలిరూపు. ఆ వేళ మిర్-1, మిర్-133, మిర్-206 మోతాదు బాగా పెరుగుతుంది.

వీటిలో మిర్-1, మిర్-133 తోబుట్టువులు. ఒకే పొడవాటి నకలు నుంచి తెగి వస్తాయి. పనిలో మాత్రం తూర్పు పడమరలు. కండ జన్యువులను నిద్రపుచ్చే హెచ్‌డీఏసీ4 ప్రొటీన్‌ను మిర్-1 తగ్గించి, కణాన్ని కండగా మారమంటుంది. మిర్-133 మరో ప్రొటీన్ ఎస్ఆర్ఎఫ్‌ను తగ్గించి, ఇంకొంతకాలం విభజన సాగించమంటుంది. తగినన్ని కణాలు పోగవడం, సమయానికి అవి కండగా మారడం రెండూ కావాలి కాబట్టి ఇద్దరి మాటా చెల్లుతుంది.

మైక్రోఆర్ఎన్ఏను 1993లో ఒక చిన్న పురుగులో కనుగొన్నందుకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ దక్కింది. కండరాలను క్షీణింపజేసే డుషేన్ వ్యాధి ఉన్న బాలుర రక్తంలో మిర్-1, మిర్-133, మిర్-206 మూడూ ఎక్కువగా కనిపిస్తాయి. దెబ్బతిన్న కండ నుంచి బయటికి కారినవే అవి.